చుక్కకి జీను వెతికిన మేడంగారు

పోయిన నెల పటమటలో మా వీధిలోంచి ఒక పెళ్ళి ఊరేగింపు వెళ్ళింది. పెళ్ళికొడుకు గుర్రం మీద ఉన్నాడు. ఈ సరదా ఇప్పుడు మనవైపు కూడా వచ్చేసింది. ముందు బ్యాండు, వెనక కార్లు, మధ్యలో జరీ గుడ్డ కప్పిన గోధుమరంగు గుర్రం. బాల్కనీలో నా పక్కన నిలబడ్డ మా కోడలు, "అత్తయ్యా, దాని భుజాల దగ్గర ఆ తెల్ల మచ్చలు చూశారా? పూలు అతికించినట్టు ఎంత బావున్నాయో!" అంది. జరీ గుడ్డ కాస్త జారినచోట, మెడ మొదట్లో, అటొకటి ఇటొకటి తెల్ల వెంట్రుకల కుచ్చులు కనిపిస్తున్నాయి.

"మచ్చలు కావమ్మా అవి. ఎవరో ఇరుకు జీను కట్టారు. పుండు పడి మానింది. అలా మానినచోట వెంట్రుక తెల్లగా మొలుస్తుంది," అన్నాను.

అన్నాక నాకే వింతగా అనిపించింది. మాట నాదే, గొంతు మాత్రం నాది కాదు. ఆ ఆగి ఆగి చెప్పడం, చివర్లో పెదవి బిగించడం మా పీడీ మేడంగారివి. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. కోడలు "మీకివన్నీ ఎలా తెలుసు అత్తయ్యా?" అని అడిగింది. ఊరేగింపు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. తర్వాత లోపలికెళ్ళి కూర్చుని, కాఫీ చల్లారిపోయేదాకా ఆవిడ గురించి చెప్పాను.

డెబ్భైల్లో నేను బెజవాడలో డిగ్రీ చదివేదాన్ని. ఆడపిల్లల కాలేజీ. మేడంగారు మాకు ఫిజికల్ డైరెక్టరు. మనిషి పొట్టి. నెరిసిన జుట్టుని నున్నగా దువ్వి ముడి వేసేవారు. గంజి పెట్టిన నూలు చీర, దాని కింద తెల్ల కాన్వాసు బూట్లు. కొత్తగా చేరిన పిల్లలు ఆ బూట్లు చూసి నవ్వుకునేవాళ్ళు. ఓ వారం గ్రౌండులో ఆవిడ వెనక పరిగెత్తాక ఆ నవ్వు ఆగిపోయేది. మెడలో నల్లతాడుకి ఈల వేలాడేది గాని, ఆవిడ అది ఊదగా నేను ఎక్కువసార్లు వినలేదు. నోట్లో పెట్టుకుని మావైపు చూస్తే చాలు, వరసలో నిలబడిపోయేవాళ్ళం.

మెచ్చుకోవడం ఆవిడకి రాదు. ఎంత బాగా ఆడినా "ఆఁ, పరవాలేదు" అనేవారు. ఆ 'పరవాలేదు' కోసం మేం చచ్చేట్టు ఆడేవాళ్ళం. ఎవరైనా కాలు నొప్పి అని కూర్చుంటే మాత్రం వెంటనే వచ్చి కింద గొంతుకూర్చుని, "ఎక్కడ? వేలు పెట్టి చూపించు," అనేవారు. నటిస్తోందని మిగతా పిల్లలు గుసగుసలాడినా పట్టించుకునేవారు కాదు. "నొప్పి అన్నవాళ్ళని ముందు నమ్మాలి. అబద్ధమైతే తర్వాత తెలుస్తుంది, తొందరేముంది?" అనేవారు.

ఒకసారి వాలీబాల్ జట్టుకి బూట్లు కొనడానికి మమ్మల్ని వన్ టౌన్ తీసుకెళ్ళారు. తోపుడుబళ్ళ మధ్య నుంచి, బస్తాలు దించే కూలీల మధ్య నుంచి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆవిడ ముందు, మేం వెనక. కొట్లో ఒక్కొక్కరి కాలికీ బూటు తొడిగించి, బొటనవేలు ఎక్కడుందో తన బొటనవేలితో నొక్కి చూశారు. నా బూటు దగ్గర ఆగారు. కొట్టాయన, "కొత్తది కదండీ, నాలుగు రోజులేసుకుంటే సాగుతుందండీ," అన్నాడు.

"సాగేదాకా ఈ పిల్ల కాలు ఎక్కడ పెట్టుకోమంటారండీ?" అన్నారు ఆవిడ. కోపంగా కాదు, నిజంగా జవాబు కావాలన్నట్టు.

ఆయన ఇంకో పెట్టె దించాడు.

మా ఊరు గన్నవరం నుంచి కాస్త లోపలికి. నాన్నకి వరి, చెరకు, కొద్దిగా మామిడితోట ఉండేవి. వాటితోపాటు ఒక గుర్రం. పొలాల మీద తిరగడానికని చెప్పేవాడు గాని ఆ పనికి సైకిలు చాలు. నాన్నకి గుర్రమంటే ఇష్టం, అంతే. నూజివీడు వైపు ఎవరో పెద్దింటివాళ్ళు తమ గుర్రాల్ని వదిలించుకుంటుంటే వెళ్ళి ఒక ఎర్రటి ఆడగుర్రాన్ని తెచ్చాడు. నుదుట తెల్ల చుక్క ఉందని దానికి చుక్క అని పేరు పెట్టాం. ఎదురుగా నిలబడి చూస్తే అది గుర్రంలా కాక ఒంగోలు గిత్తలా ఉండేది. అంత ఛాతీ, అంత వెడల్పు భుజాలు. మనసు మాత్రం పసిపిల్లది.

నాన్నే నాకు స్వారీ నేర్పాడు. దుప్పటి మడిచి దాని వీపున వేసి, పట్టీ కట్టి ఎక్కించేవాడు. చుక్కకి దూకడం ఇష్టమని మాత్రం నేనే కనిపెట్టాను. పొలంగట్టు కనిపిస్తే చెవులు ముందుకి పెట్టేది. నీళ్ళ బోదె కనిపిస్తే దానంతటదే రెండడుగులు తొందరపడేది. గాల్లో ఉన్న ఆ కాస్తసేపూ నాకు ఒళ్ళంతా నవ్వులా ఉండేది. గుంటూరులో పశువుల ప్రదర్శన జరిగినప్పుడు గుర్రాలు కర్రలు దూకే పోటీ కూడా పెడతారని ఎవరో చెప్పారు. దాని మీద మనసు పడ్డాను. నాన్న ముచ్చటపడి ఎవరి ద్వారానో ఒక దొరల జీను తెప్పించాడు. సన్నగా, నాజూగ్గా, నిమ్మరంగు తోలుతో అద్దంలా మెరిసేది. పందేల గుర్రాలకి వాడిందట.

ఆ జీను వచ్చిన దగ్గర్నుంచీ చుక్క మారిపోయింది. పట్టీ బిగిస్తుంటే చెవులు వెనక్కి పెట్టి పళ్ళు చూపించేది. గట్టు కనిపిస్తే తొందరపడ్డం మానేసింది. తర్వాత ఆగడం మొదలుపెట్టింది. నాన్న, "పొగరెక్కింది, మేత ఎక్కువై," అన్నాడు. నేనూ అదే అనుకున్నాను. ఒకరోజు చెరకుతోట పక్క గట్టు దగ్గర ఒక్కసారిగా ఆగి, వీపు ఎగరేసి నన్ను విసిరేసింది. భుజం ముందరి ఎముక విరిగింది. చేతికి కట్టు కట్టి ఇంట్లో కూర్చోబెట్టారు. అమ్మ ఇంక గుర్రం మాట ఎత్తొద్దంది. ఏలూరులో బండ్లు తోలించే ఒకాయనకి చుక్కని అమ్మేస్తానని నాన్న కబురు పెట్టాడు. దసరా వెళ్ళాక వచ్చి తోలుకెళ్తానన్నాడు ఆయన.

నేను కాలేజీకి రాకపోవడంతో మేడంగారు మా ఊరు వచ్చారు. బస్సు దిగి, ఎండలో కాలవగట్టు వెంట నడిచి, చేతిలో బత్తాయిల సంచితో. మా వాకిట్లోకి రాగానే కొట్టం ఎదురు. నేను అరుగు మీద కూర్చుని లేవబోతుంటే, "కూర్చో, కూర్చో," అని చెయ్యి ఊపి, సంచి అరుగు మీద పెట్టి, నేరుగా చుక్క దగ్గరికి వెళ్ళిపోయారు.

నన్ను చూడ్డానికి వచ్చి ముందు గుర్రాన్ని పలకరించిన మనిషి ఆవిడ.

నాన్న కంగారుగా, "దగ్గరికెళ్ళకండి మేడంగారూ, అది మంచిది కాదు," అన్నాడు.

ఆవిడ ఆగి, చెయ్యి చాపి, చుక్క వాసన చూసేదాకా కదలకుండా నిలబడ్డారు. తర్వాత మెడ మీద నుంచి అరచెయ్యి మెల్లగా వెనక్కి జరిపారు. భుజం ఎముక వెనక ఒకచోట చర్మం జలదరించింది, చుక్క తల విసురుగా తిప్పింది. ఆవిడ చెయ్యి తీసేసి రెండోవైపు వెళ్ళారు. అక్కడా అంతే. వేళ్ళతో వెంట్రుకలు విడదీసి చూశారు. వాచి, గట్టిపడి ఉంది.

"దీని జీను ఒకసారి చూపిస్తారా అండీ?"

నాన్న గర్వంగా తెచ్చాడు. ఆవిడ దాన్ని తిరగేసి, ముందువైపు వంపులో అరచెయ్యి పెట్టి చూశారు. చుక్క భుజాలు చూశారు. మళ్ళీ జీను చూశారు.

"ఇది పొగరు కాదండీ, నొప్పి," అన్నారు. "లోపల చెక్క చట్రం ఉంటుంది చూడండి, దాని కొనలు ఈ ఎముక వెనక దిగబడుతున్నాయి. గుర్రం దూకాలంటే ముందుకాళ్ళు ఎత్తాలి కదా. కాలెత్తినప్పుడల్లా భుజం ఎముక వెనక్కి జరుగుతుంది. జరిగినప్పుడల్లా దీనికి గుచ్చుకుంటోంది. పైన మీ అమ్మాయి బరువు."

నాన్న నమ్మలేదు. "పెద్ద కంపెనీ జీను అండీ అది," అన్నాడు.

"మంచిదేనండీ. దీనికి మంచిది కాదు."

నాన్న ఏదో అనబోయేలోగా మేడంగారు గుమ్మంలో ఉన్న అమ్మవైపు తిరిగారు. "అమ్మా, మీరు చెప్పండి. చంకల దగ్గర ఇరుకైన జాకెట్టు వేసుకుని, పైన ఉట్టి మీద కుండ అందుకోవాలి. ఏమవుతుంది?"

"చెయ్యి పైకి లేవదండీ," అంది అమ్మ. "లేపితే కుట్టయినా పోవాలి, చర్మమైనా కోసుకోవాలి."

అని, ఒక్క క్షణం చుక్కవైపు చూసి, "అయ్యో," అంది.

ఆ 'అయ్యో'తో మా ఇంట్లో సగం పని అయిపోయింది. నాన్న ఒప్పుకోవడానికి ఇంకా టైం పట్టింది గాని, దసరాలోగా మేడంగారు సరైన జీను చూస్తే, చుక్క మళ్ళీ మామూలుగా ఉంటే, ఏలూరాయనకి వేరే మాట చెప్తానన్నాడు. ఆ తర్వాత ఆవిడ అరుగు దగ్గరికొచ్చి, నా భుజంవైపు వేలు చూపించి, "నీకెక్కడ నొప్పి?" అన్నారు.

గుర్రాల సంగతి ఆవిడకెలా తెలుసో ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. మద్రాసులో వాళ్ళ నాన్నగారు గుర్రపు పోలీసుల్లో పనిచేశారనీ, చిన్నప్పుడు లాయాల పక్క క్వార్టర్లలో ఉండేవాళ్ళనీ ముక్కలు ముక్కలుగా విన్నాం. తర్వాత ఆవిడ జీవితంలో గుర్రానికి చోటు లేకపోయింది. అంతకుమించి అడిగితే, "ఆఁ, అదంతా ఎందుకు," అనేవారు.

మొదట తెచ్చిన జీను తప్పయింది. ఎవరినో అడిగి ఒక పాత మిలిటరీ జీను అరువు తెచ్చారు. పెద్దది, బరువైనది, బల్లంత వెడల్పు. చుక్క వీపు వాపు అప్పటికి తగ్గింది. నా చేతికి ఇంకా కట్టు ఉంది కనుక నాన్నని ఎక్కి కూర్చోమన్నారు. నాన్న కూర్చోగానే జీను ముందుకి కుంగి, వంపు నేరుగా చుక్క మూపు మీద ఆనింది. చుక్క నాలుగడుగులు వేసి, వీపు వంచేసి నిలబడిపోయింది.

నాన్న పై నుంచే నవ్వాడు. "ఇరుకైతే నొప్పి, వెడల్పయితే నొప్పి. ఇది గుర్రమా, మహారాణీగారా మేడంగారూ?"

ఇంకొకరైతే సర్దుకునేవాళ్ళు. కింద దుప్పటి వేద్దామనో, నాలుగు రోజులు చూద్దామనో అనేవాళ్ళు. ఆవిడ వెంటనే, "దిగండి, దిగండి. తప్పు నాదండీ," అన్నారు. "భుజాల వెడల్పొక్కటే చూశాను. మూపు ఎత్తు మర్చిపోయాను. దీనికి రెండూ ఉన్నాయి." తర్వాత చుక్క చెవి దగ్గర ఏదో గొణిగారు. క్షమాపణే అయ్యుంటుంది.

మరుసటి ఆదివారం లావుపాటి అల్యూమినియం తీగ ఒకటి తెచ్చారు. చుక్క భుజం ఎముక ఎక్కడ ముగుస్తుందో వేళ్ళతో తడిమి, నా చెయ్యి పట్టుకుని నాకూ తడిమించారు. ఆ వెనకే తీగని మూపు మీద నుంచి రెండువైపులా వంచి, ఒంటికి అతుక్కునేలా నొక్కి, ఆకారం చెడకుండా ఎత్తి, పాత క్యాలెండరు వెనక పెన్సిలుతో గీశారు. దాన్ని అట్టమీద అతికించి కత్తిరించారు. ఎత్తైన చిన్న గుండ్రం, దాని కింద విశాలంగా రెండు రెక్కలు. గోడకి ఆనించి చూస్తే గుడి గోపురం బొమ్మలా ఉంది.

"ఇప్పుడు చుక్కని మద్రాసు తీసుకెళ్ళొచ్చు," అన్నారు ఆ అట్టని పేపర్లో చుట్టుకుంటూ.

మద్రాసుకి రైల్లో ముగ్గురం వెళ్ళాం. మేడంగారు, నేను, మాతోపాటు అమ్మ. నన్ను ఒక్కదాన్నే పంపడం ఇష్టంలేక బయల్దేరానంది గాని, జీను ఎలా ఉండాలో తనకీ చూడాలని ఉందని తెనాలి దాటకముందే బయటపడింది.

అది గుర్రాల సామాన్లమ్మే పాత కొట్టు. కొక్కేల నుంచి కళ్ళేలు, అడ్డకర్రల మీద వరసగా జీనులు, కొట్టంతా తోలు వాసన. కొట్టాయన తెలుగాయనే. మంచి మర్యాదస్తుడు. కొత్త జీను ఒకటి గుడ్డతో తుడిచి ముందు పెట్టాడు. మేడంగారు దాని రంగూ మెరుపూ చూడలేదు. తిరగేసి, ముందు వంపు కింద అట్ట పెట్టి చూశారు. అట్ట రెక్కలు బయటికి పొడుచుకొచ్చాయి. ఇంకోదానిలో అట్ట చుట్టూ చెయ్యంత సందు. ఇంకోదాన్ని వెనక నుంచి ఎత్తి, మధ్య కాలవలోంచి అవతలి వెలుతురు కనిపిస్తోందా అని కన్ను పెట్టి చూసి, "వెన్నెముకకి తగులుతుంది," అని పక్కన పెట్టారు.

అమ్మకి ఉత్సాహం వచ్చేసింది. చీర కొనేటప్పటిలా, "అదిగో అదొకసారి దించండి బాబూ, దాని పక్కది కూడా," అంటూ కొట్టాయన్ని నిచ్చెన దిగనివ్వలేదు.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి దాదాపు కొత్తది. దూకేవాళ్ళ కోసమే చేసింది, మోకాళ్ళు ఆనే పక్క రెక్కలు ముందుకి వంగి ఉన్నాయి. అడ్డకర్ర మీద ఉన్నదాని మీద నన్ను కూర్చోమన్నారు. నా మోకాలు అచ్చు దానికోసమే చేసినట్టు అమిరింది. ఒళ్ళో కూర్చోబెట్టుకున్నట్టుంది. రెండోది పాతది. రెక్కలు దానికీ ముందుకే వంగి ఉన్నాయి గాని, తోలు నల్లబడి, కూర్చునేచోట మాసిక వేసి, గట్టిగా ఉంది. కాని అట్ట పెడితే దాని వంపులో చేతిలో చెయ్యి కలిపినట్టు ఒదిగింది. మొదటిదానిలో అట్ట కొసలు కొంచెం, కొంచెమే, నొక్కుకుంటున్నాయి.

కొట్టాయన, "కొత్తదే తీసుకోండమ్మా. అంత తేడా గుర్రానికేం తెలుస్తుందండీ?" అన్నాడు.

మేడంగారు నావైపు తిరిగారు. "ఎక్కేది నువ్వు. మోసేది అది. ఇద్దరిలో ఎవరిని అడుగుదాం?"

నేను కొత్త జీను తోలుని ఒకసారి నిమిరాను. అంత మెత్తటి తోలు నేనెప్పుడూ ముట్టుకోలేదు. తర్వాత దిగి, పాతదాని మీదికెక్కి కూర్చున్నాను. ఆవిడ నా మోకాలు ఎక్కడ ఆనుతోందో చూసి, పాదం పెట్టే రికాబు తోలుని ఒక రంధ్రం పైకి పెట్టి, "ఆఁ, పరవాలేదు," అన్నారు.

జీనుని అన్నారో, నన్ను అన్నారో తెలియలేదు.

సరిపోకపోతే వెనక్కి తీసుకోవాలని కొట్టాయన్ని ఒప్పించారు. "మాకు నచ్చడం కాదండీ, ఇంటి దగ్గర ఒకరున్నారు, ఆవిడ ఒప్పుకోవాలి," అన్నారు. అత్తగారనుకున్నాడేమో, ఆయన గౌరవంగా తలూపాడు.

ఇంటికొచ్చాక పాత జీను చుక్క మెడ మీద పెట్టి, మేడంగారు మెల్లగా వెనక్కి జరిపారు. ఒకచోట దానంతటదే ఆగింది. "ఇదీ దాని చోటు. అందరూ ఇంకా ముందుకి లాగి కడతారు, భుజం ఎముక మీద," అన్నారు. మూపుకీ వంపుకీ మధ్య మూడు వేళ్ళు దూర్చి చూశారు. నాన్నని ఎక్కించి మళ్ళీ చూశారు. భుజం పక్కన అరచెయ్యి దూర్చి, నన్ను చుక్క ముందుకాలు ఎత్తి ముందుకి చాపమన్నారు. చెయ్యి నలగలేదు. నాన్న చెరకుతోట చుట్టూ పరుగు పెట్టించి తెచ్చాడు. జీను తీసి చూస్తే వీపు చెమటతో రెండువైపులా ఒక్కలాగే తడిసి ఉంది.

"ఎక్కడైనా పొడిగా ఉంటే అక్కడ నొక్కుతున్నట్టు," అన్నారు మేడంగారు. నాన్న ఆ తడి మీద తనే చెయ్యి పెట్టి, వెనక్కీ ముందుకీ రాసి చూశాడు. ఆ సాయంత్రం చుక్కకి బెల్లంముక్క తనే తినిపించాడు.

అంతా బాగైందనే అనుకున్నాం. బాగుకానిది నేను.

కట్టు విప్పారు, చెయ్యి వచ్చింది. చుక్క మీద నడిచాను, పరిగెత్తాను. రెండు రాళ్ళ మీద నాన్న ఒక వెదురు వాసం పెట్టాడు, మోకాలెత్తు. దాని ఎదుటికి రాగానే నా చేతులు కళ్ళేన్ని లాగేసేవి. చుక్క చెవులు ముందుకి పెట్టేది, నేను ఆపేసేదాన్ని. మళ్ళీ తిప్పడం, మళ్ళీ ఆపడం. చుక్క పాపం తల తిప్పి నావైపు చూసేది. నాన్న ఓపిక పట్టి, చివరికి, "పోనీలే అమ్మడూ, ఇంక వద్దు," అన్నాడు. ఏలూరాయన ఆ వారమే వస్తానని మళ్ళీ కబురంపాడు.

ఆ ఆదివారం కూడా మేడంగారు వచ్చారు. నేను మూడోసారి ఆపేయడం చూశారు. "దిగు ఒకసారి," అన్నారు. దిగాను. ఆవిడ కొట్టం వెనక్కి వెళ్ళి, చీర గోచీ పోసి కట్టుకుని, కొంగు నడుముకి బిగించుకుని వచ్చారు. బూట్ల తాళ్ళు మళ్ళీ కట్టుకున్నారు. పొలంలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు పనాపి లేచి నిలబడ్డారు.

"మేడంగారూ, వద్దండీ," అన్నాడు నాన్న. "మీ వయసుకి..."

"కాస్త చెయ్యి పట్టండి," అన్నారు ఆవిడ. నాన్న పట్టాడు. ఎక్కారు.

ఆవిడ ఎక్కగానే ఒక్కసారి కళ్ళు మూసుకోవడం నేను చూశాను. చుక్క ఒక చుట్టు నడిచింది. ఇంకో చుట్టు చిన్న పరుగులో. ఆ పొట్టి మనిషి, ముడి ఊడిపోయి నెరిసిన జడ వీపు మీద ఎగురుతూ, మెల్లగా వేరే ఎవరోలా అయిపోయారు. నడుం నిటారుగా లేచింది. చేతులు చుక్క మెడతోపాటు ముందుకీ వెనక్కీ కదిలాయి. వాసంవైపు తిరిగారు. చుక్క చెవులు ముందుకొచ్చాయి. ఆవిడ చేతులు లాగలేదు, ఇచ్చాయి. వాసం మీద నుంచి చుక్క ఇంతెత్తున లేచింది, దానికి అంతెత్తు అక్కర్లేదు. ఆ వెడల్పు భుజాలు రెండూ విప్పారిన రెక్కల్లా కనిపించాయి. అవతల దిగి, మెడ విదిలించి, ఆనందంతో ఒక్క చిందు వేసింది.

కలుపు తీసేవాళ్ళు గట్టిగా కేకలు పెట్టారు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాన్న తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

మేడంగారు నా దగ్గరికి తెచ్చి ఆపారు. దిగి, కుడిచెయ్యి నా ముందు చాపారు. వేళ్ళు వణుకుతున్నాయి. ఆవిడ నవ్వుతున్నారు. అంతగా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు.

"చూడు. పాతికేళ్ళయింది ఎక్కి. నాకు భయం వెయ్యలేదనుకున్నావా?"

"మరి ఎలా మేడం?"

"భయం నాకుంది, దానికి లేదు. దానికి లేనిది నేనెందుకు అంటించాలి? మెడ పట్టుకో, జుట్టు పట్టుకో. కళ్ళెం మాత్రం లాగకు. మిగతాది దాని పని."

నేను ఎక్కాను. చుక్క జూలు రెండు చేతులతో పట్టుకున్నాను. వాసం దగ్గరికి వస్తుంటే నా నోట్లోంచి ఏదో కేక వచ్చిందట, అమ్మ తర్వాత చెప్పింది. నాకు మాత్రం ఏ కేకా వినపడలేదు. కింద నేల లేని ఆ కాస్తసేపు తెలుసు, తర్వాత నేల మెత్తగా వచ్చి అందుకోవడం తెలుసు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ దూకింది. నాన్న పరిగెత్తుకెళ్ళి వాసం ఇంకొంచెం పైకి పెట్టాడు.

ఏలూరాయన వచ్చినప్పుడు నాన్న ఆయనకి భోజనం పెట్టి, చుక్కని అమ్మనని చెప్పి, తిరుగు బస్సు దాకా వెళ్ళి ఎక్కించి వచ్చాడు.

గుంటూరు ప్రదర్శనకి వెళ్ళాం. లారీలో గడ్డి పరిచి చుక్కని ఎక్కించుకుని. అక్కడికొచ్చిన గుర్రాలన్నీ సన్నగా, పొడుగ్గా, నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. మా చుక్కని చూసి ఎవరో, "బండి ఎక్కడ వదిలేశారండీ?" అన్నారు. మాకు బహుమతి రాలేదు. చివరి మలుపులో ఒక కర్ర పడింది, తప్పు నాదే. కాని మైదానంలో మిగతా కర్రలన్నిటి మీద నుంచీ మా చుక్క చెవులు ముందుకి పెట్టి దూకింది. వేళాకోళం చేసినాయనే తర్వాత వచ్చి దాని మెడ నిమిరి వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు లారీ క్యాబిన్‌లో మేడంగారు నిద్రపోయారు. అమ్మ ఆవిడ తలని తన భుజం మీదికి సర్దుకుంది.

ఆ తర్వాత ఆదివారాలు రావడం ఆవిడ మానలేదు. ఇప్పుడు సాకు అక్కర్లేదు. గోచీ చీర పోయి, ఎక్కడో కుట్టించుకున్న ఖాకీ పంట్లాం వచ్చింది. కాలేజీలో దాని గురించి ఎవరో ఏదో అన్నారు. "ఆదివారం నాదండీ," అన్నారట ఆవిడ. చలికాలం వెళ్ళేసరికి ఒక్కరే కాక, వెంట పిల్లల్ని కూడా తేవడం మొదలుపెట్టారు. మొదట మా వాలీబాల్ జట్టులో ఇద్దరు. తర్వాత వాళ్ళ స్నేహితులు. తర్వాత ఎవరో లెక్చరరుగారి చెల్లెలు.

ఒక ఆదివారం నాన్న వాకిట్లో నిలబడి, కాలవగట్టు మీద నుంచి వస్తున్న వరసని చూశాడు. ముందు మేడంగారు, వెనక నవ్వుకుంటూ, చెప్పులు చేత్తో పట్టుకుని అమ్మాయిలు. ఒకప్పుడు చుక్కని వదిలించుకోవాలనుకున్న మనిషి, కొట్టంవైపు ఒకసారి చూసి, వాళ్ళవైపు ఒకసారి చూసి, తల గోక్కున్నాడు.

"మేడంగారూ, ఇంతమందికి ఒక్క గుర్రం ఎలా సరిపోతుందండీ?"

ఆవిడ గుమ్మం దగ్గర ఆగారు. ఎండకి ముఖమంతా చెమట. చేతిరుమాలుతో తుడుచుకుంటూ నాన్నవైపే చూశారు. ఆ మాట నాన్న చేతే అడిగించాలని ఎన్నాళ్ళనుంచి ఎదురుచూస్తున్నారో అనిపించింది నాకు.

నాన్న మళ్ళీ తనే, "నూజివీడులో కనుక్కుంటానండీ. ఇంకోటి దొరక్కపోదు. ఈసారి మీరు కూడా రావాలి," అన్నాడు.

"ఎప్పుడెళ్దామండీ?" అన్నారు మేడంగారు.